కొండ దిగినా నిలిచే పని

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో లైను కింద నడిస్తే కోచింగ్ సెంటర్లు, బట్టల షాపులు, టిఫిన్ బండ్ల నడుమ పన్ను బొమ్మ గీసిన బోర్డులు వరసగా కనిపిస్తాయి. చైతన్యపురి సందుల్లో, కొత్తపేటలో పళ్ల డాక్టరు కోసం వెతుక్కోవాల్సిన పనిలేదు. కమలానగర్‌లో ఏకంగా పాణినీయ దంత వైద్య కళాశాలే ఉంది. ఏ క్లినిక్‌లో అడుగుపెట్టినా అమరిక ఒకటే. వెనక్కి వాలే కుర్చీ, తలమీద దీపం, నిమిషానికి మూడు లక్షల సార్లకు పైగా తిరిగే డ్రిల్లు, దాన్ని చల్లబరిచే నీటి ధార, ఉమ్మిని లాగేసే గొట్టం. వీటన్నిటి వెనక ఓ కంప్రెసరు, దాని వెనక కరెంటు.

ఆ కరెంటు లేనిచోట, కుళాయి లేనిచోట, కొన్నిసార్లు రోడ్డే లేనిచోట పుచ్చు పన్నును బాగుచేసే విద్య ఒకటి ఉంది. భుజాన వేసుకునే సంచిలో పట్టే సరంజామా, రెండు చేతులు, ఓపిక ఉంటే చాలు. హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కు వెళ్తూ దారిలోని ఊళ్లలో పళ్లకు వైద్యం చేసి వచ్చే వాలంటీరు డాక్టర్లకు ఇదే పెద్ద అండ. దీని పేరు అట్రామాటిక్ రెస్టొరేటివ్ ట్రీట్‌మెంట్. డాక్టర్ల నోట ఏఆర్‌టీ. పంటికి అదనపు గాయం చేయకుండా పుచ్చు తీసి పూడ్చే పద్ధతి అన్నమాట.

ఈ పనితనాన్ని దగ్గరగా చూపించాలని నా ఆశ. ఎందుకంటే దీనికి మామూలు వైద్యానికి లేని ఒక కఠినమైన షరతు ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో పెట్టించుకున్న సిమెంటు ఊడితే రేపు సాయంత్రం మళ్లీ వెళ్లి చూపించుకోవచ్చు. ఎవరెస్టు దారిలో రెండు రోజులు నడిస్తే గానీ చేరుకోలేని ఊళ్లో పెట్టింది ఊడితే, పెట్టిన మనిషి అప్పటికే కొండ దిగి, విమానం ఎక్కి, తన ఊళ్లో తన పనిలో ఉంటాడు. కాబట్టి ఇందులో ప్రతి అడుగూ ఒకే ప్రశ్నకు లోబడి ఉంటుంది. నేను లేనప్పుడు ఇది నిలుస్తుందా?

పీకడం తప్ప దారి లేని రోజుల్లో

1980ల మధ్యలో టాంజానియాలో ఈ పద్ధతికి పునాది పడింది. దార్ ఎస్ సలామ్‌లోని దంత వైద్య పాఠశాలలో పనిచేస్తున్న యో ఫ్రెంకెన్ అనే డచ్ డాక్టరు, ఆయన తోటివారు దీనికి ఆద్యులు. కరెంటు అందని ఊళ్లలో పన్ను పుచ్చితే అప్పట్లో ఒకటే వైద్యం. నొప్పి ముదిరేదాకా ఓర్చుకోవడం, తర్వాత పీకించుకోవడం. డ్రిల్లు లేకపోతే పన్నును కాపాడలేమా అన్న ప్రశ్నకు వాళ్లు చేతి పరికరాలతో జవాబు వెతికారు. మెత్తబడిన పుచ్చును చేత్తోనే తవ్వి తీసి, పంటికి తనంతట తాను అతుక్కునే సిమెంటుతో పూడ్చి చూశారు. 1990ల తొలినాళ్లలో థాయ్‌లాండ్, జింబాబ్వే గ్రామాల్లో పెద్దఎత్తున పరీక్షలు జరిగాయి. 1994 ఏప్రిల్ 7న, నోటి ఆరోగ్యమే అంశంగా జరిగిన ప్రపంచ ఆరోగ్య దినోత్సవం నాడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతికి అండగా నిలిచి లోకానికి పరిచయం చేసింది.

ఇది ఎంత పెద్ద మలుపో తెలియాలంటే అంతకు ముందరి పాఠం తెలియాలి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాకు చెందిన జి.వి. బ్లాక్ దంత వైద్యానికి ఒక వ్యాకరణం రాసిపెట్టాడు. వెండి రంగు మిశ్రమ లోహం పంటికి అంటుకోదు. అది ఊడకుండా ఉండాలంటే గుంతను పెట్టెలా చెక్కాలి, లోపల వెడల్పుగా, గోడలు నిటారుగా ఉండాలి. ముందు ముందు పుచ్చు పట్టే అవకాశం ఉన్నచోటును కూడా ఇప్పుడే చెక్కేయాలి. ఆ పాఠం దశాబ్దాల పాటు రాజ్యమేలింది. దాని ప్రకారం పోతే పుచ్చుతో పాటు మంచి పన్ను కూడా బలి కావాల్సిందే, పైగా గట్టి ఎనామిల్‌ను చెక్కాలంటే డ్రిల్లు లేకుండా కుదరదు. ఏఆర్‌టీ ఆ లెక్కను తిరగరాసింది. అంటుకునే సిమెంటు ఉన్నప్పుడు పెట్టెలా చెక్కాల్సిన పనిలేదు. చెడింది తీస్తే చాలు, మంచిదాన్ని ముట్టుకోనక్కర్లేదు.

సంచిలోని సరంజామా

ఏఆర్‌టీ సామాను చూస్తే ముందు ఆశ్చర్యమేస్తుంది. నోటి లోపల చూసే చిన్న అద్దం. పుచ్చును పట్టి చూసే సన్నటి ప్రోబ్. పట్టకారు. హ్యాచెట్ అనే చిన్న ఉలి. స్పూన్ ఎక్స్‌కవేటర్లు, అంటే చివర చెంచా ఆకారం ఉండే సన్నటి పనిముట్లు, చిన్నది, నడిమిది, పెద్దది. సిమెంటును పెట్టి, చెక్కి, సరిచేసే మరో పనిముట్టు. కలపడానికి గాజు పలక లేదా నున్నటి కాగితాల పుస్తకం, స్పాచులా. దూది చుట్టలు, చిన్న దూది ఉండలు, వాజిలిన్, గ్లవుజులు, తలకు కట్టుకునే లైటు. సిమెంటు పొడి సీసా ఒకటి, ద్రవం సీసా ఒకటి. కుర్చీ ఉండదు. బడి బెంచీని కిటికీ దగ్గరకు జరిపి, తల కింద మడిచిన దుప్పటి పెట్టి పిల్లను పడుకోబెడతారు. డాక్టరు తల వైపు స్టూలు వేసుకుని కూర్చుంటాడు.

ఇంత తక్కువ సామానుతో పని చేయాలంటే ప్రతి పనిముట్టూ పదునుగా ఉండాలి. మొద్దుబారిన చెంచాతో పుచ్చు తీయబోతే చేయి బలం పెంచుతుంది, బలం పెరిగితే నొప్పి పెరుగుతుంది, నొప్పి పుట్టిన పిల్ల నోరు మూసేస్తుంది. పదును చూసుకునే పద్ధతి చాలా సులువు. పనిముట్టు అంచును బొటనవేలి గోటిమీద మెల్లగా ఆనించి జరుపుతారు. గోట్లో దిగి ఆగితే పదునుంది. జారిపోతే పదును పోయింది. అప్పుడు సన్నటి సానరాయి మీద ఒక చుక్క నూనె వేసి, అంచు కోణం మారకుండా సాన పడతారు. డ్రిల్లుతో పని నేర్చుకున్న తరానికి సానపట్టడం కొత్త పాఠమే. అయినా ఈ విద్యలో అది మొదటి పాఠం.

చెంచా ఎక్కడ ఆగాలి

పంటి చుట్టూ దూది చుట్టలు పెట్టి ఉమ్మిని ఆపడంతో పని మొదలవుతుంది. పుచ్చు పైకి చిన్న చుక్కలా కనిపించినా లోపల విశాలంగా ఉంటుంది. పైన ఉండే ఎనామిల్ గట్టిది, దాని కింద డెంటిన్ మెత్తనిది. పుచ్చు ఎనామిల్‌కు చిన్న చిల్లు పెట్టి దూరి, లోపల డెంటిన్‌లో పక్కలకు పాకుతుంది. అందువల్ల చిల్లు అంచున ఉండే ఎనామిల్ కింద ఆధారం లేకుండా గుల్లగా మిగిలిపోతుంది. ఆ చిల్లులో హ్యాచెట్ మొనను ఆనించి, కొద్దిగా నొక్కుతూ అటూ ఇటూ తిప్పితే ఆధారం లేని ఆ పలుచటి అంచు చిన్న చిన్న పెచ్చులుగా రాలుతుంది. బలమైన ఎనామిల్ రాలదు. అంటే ఏది తీయాలో ఏది ఉంచాలో పన్నే చెబుతుంది. చేయి ఆ మాట వినాలి.

దారి ఏర్పడ్డాక చెంచా దిగుతుంది. ఇక్కడ క్రమం ముఖ్యం. ముందు అంచులు, తర్వాత అడుగు. ఎనామిల్, డెంటిన్ కలిసే గీత వెంట చుట్టూ గుండ్రంగా గీకుతూ మెత్తటి పదార్థం ఏమాత్రం మిగలకుండా శుభ్రం చేస్తారు. సిమెంటు గట్టిగా పట్టుకోవాల్సింది ఆ అంచునే. అక్కడ పుచ్చు మిగిలితే సిమెంటు పక్కనుంచి ఉమ్మి దిగుతుంది, క్రిములకు ఆహారం అందుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.

అడుగుకు వచ్చేసరికి చేతి పద్ధతి మారాలి. అడుగున, కొద్ది దూరంలోనే, నరం ఉంటుంది. జపాన్ దంత వైద్య శాస్త్రవేత్త ఫుసయామా 1970లలో చూపించిన తేడా ఇక్కడ పనికొస్తుంది. పుచ్చిన డెంటిన్‌లో రెండు పొరలుంటాయి. పై పొర క్రిములతో నిండి, తడిసిన అట్టలా మెత్తబడి, ప్రాణం పోయినది. దాన్ని తీయాలి. కింది పొరలో ఖనిజం కొంత తగ్గినా దాని అల్లిక చెడలేదు. కప్పి పెడితే మళ్లీ గట్టిపడగలదు. దాన్ని ఉంచాలి. పై పొరలో స్పర్శ ఉండదు కాబట్టి తీస్తున్నప్పుడు నొప్పి తెలియదు, చాలాసార్లు మత్తు సూది అవసరమే రాదు. చెంచా కింది పొరకు చేరేసరికి రెండు సంకేతాలు వస్తాయి. చేతికి కాస్త ఎదురు తగులుతుంది. పిల్ల కనుబొమ్మ కదులుతుంది.

ఈ విద్యలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఈ ఆగడమే. డ్రిల్లు వేగానికి మెత్తన, గట్టి తేడా పెద్దగా తెలియదు. చెంచాకు తెలుస్తుంది. వేళ్ల కొసల్లో పుట్టే ఆ చిన్న ఎదురును పట్టుకుని, ఇంకొంచెం శుభ్రం చేద్దామన్న ఉబలాటాన్ని అణచుకుని, రంగు ముదురుగా ఉన్నా గట్టిగా ఉన్న పొరను అలాగే వదిలేయడం నేర్పున్న చేయి చేసే పని. అడుగు తెల్లగా మెరిసేదాకా గీకితే కంటికి బాగుంటుంది గానీ నరం బయటపడుతుంది. నరం బయటపడితే కొండమీద రూట్ కెనాల్ చేసే వీలుండదు, పన్ను పీకాల్సి వస్తుంది. కాపాడటానికి పోయిన చేయే పోగొట్టినట్టవుతుంది.

మెరుపు పోకముందే

ఇక సిమెంటు. గ్లాస్ అయనోమర్ సిమెంటును లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ తయారుచేసి 1972లో లోకానికి చెప్పారు. పొడి ఒక రకం గాజు. అందులో కాల్షియం, అల్యూమినియం, సిలికాలతో పాటు ఫ్లోరైడ్ ఉంటుంది. ద్రవం పాలీయాక్రిలిక్ ఆమ్లం. రెండూ కలిస్తే ఆమ్లం గాజును కొద్దికొద్దిగా కరిగించి గట్టిపడుతుంది. అలా గట్టిపడుతూ పంటిలోని కాల్షియంతో రసాయన బంధం వేసుకుంటుంది. దీపం వెలుగు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు, కాస్త తడి ఉన్నా తట్టుకుంటుంది. డాక్టర్లు దీన్ని జీఐసీ అంటారు. రోగులు మాత్రం సిమెంటు పెట్టించుకున్నామనే అంటారు. ఏఆర్‌టీ కోసం ఎక్కువ చిక్కగా, ఎక్కువ గట్టిగా ఉండే రకాలు 1990లలో వచ్చాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో ఈ సిమెంటును చేర్చింది.

కలిపే తీరు చూస్తే పనితనం ఎంత చిన్న విషయాల్లో దాక్కుంటుందో తెలుస్తుంది. పొడిని దాని చెంచాతోనే తీసి, పైభాగం సమంగా గీసి కొలవాలి. ద్రవం సీసాను ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా తలకిందులు చేసి ఒక క్షణం ఆగాలి. లోపలి గాలిబుడగ పైకి పోయాక మెల్లగా నొక్కితే నిండు చుక్క పడుతుంది. బుడగతో పడిన చుక్క తక్కువ కొలత. తక్కువ ద్రవంతో కలిపిన సిమెంటు పిండి రాలినట్టు రాలిపోతుంది, ఎక్కువైతే బలం పోతుంది. పొడిలో సగం ముందు, మిగతా సగం తర్వాత కలపాలి. అంతా అర నిమిషంలో ముగియాలి.

అంతకు ముందే గుంతను సిద్ధం చేసి ఉంచాలి. పలచటి ఆమ్లంలో ముంచిన దూది ఉండతో పది పదిహేను సెకన్లు గుంత లోపల, చుట్టూ రాస్తారు. తర్వాత తడి దూదితో రెండు మూడుసార్లు కడిగి, పొడి దూదితో అద్దుతారు. మరీ ఎండబెట్టకూడదు. ఈలోగా ఉమ్మి తగిలిందా, మళ్లీ మొదటినుంచి కడగాలి. ఎవరూ చూడరు కదా అని దాటేయడానికి వీలున్న అడుగు ఇది. మంచి పనివాడు దాటేయడు. ఆరు నెలల తర్వాత సిమెంటు ఊడటానికి కారణం ఇలాంటి చోటే ఉంటుందని అతనికి తెలుసు.

కలిపిన సిమెంటు మెరుస్తూ ఉండగానే పెట్టేయాలి. మెరుపు ఉందంటే ఆమ్లం ఇంకా మిగిలి ఉందని, పంటిని పట్టుకునే శక్తి ఉందని గుర్తు. మెరుపు పోయి మందంగా కనిపిస్తే పారేసి కొత్తది కలపాలి. ఖరీదైన సామాను, మోసుకొచ్చిన సామాను, అయినా పారేయాల్సిందే. గుంతలో మూలలకు నెట్టి, పంటిపై గాళ్లు కూడా నిండేలా కాస్త ఎక్కువగా పెడతారు. అప్పుడు గ్లవుజు వేసిన వేలికి వాజిలిన్ రాసి సిమెంటు మీద గట్టిగా నొక్కుతారు. వేలిని కొద్దిగా అటూ ఇటూ దొర్లించి, కొన్ని సెకన్లు అలాగే పట్టి ఉంచి, పైకి లాగకుండా పక్కకు జరుపుతూ తీస్తారు. పైకి లాగితే సిమెంటు వేలితో పాటు లేస్తుంది. ఆ నొక్కుడుతో సిమెంటు గాళ్లలోకి దిగి, అదనంగా ఉన్నది అంచులకు పొంగుతుంది. పొంగినదాన్ని చెక్కి తీసి, కొరికించి చూసి, ఎత్తుగా ఉన్నచోట తగ్గించి, మళ్లీ వాజిలిన్ పూస్తారు. గంటసేపు ఏమీ తినొద్దని చెప్పి పంపుతారు.

పుచ్చు పూడటంతో పాటు పక్కన గాళ్లకు కూడా మూత పడింది గమనించారా? ఇప్పుడున్న జబ్బుకు వైద్యం, రాబోయే జబ్బుకు కాపు, రెండూ ఒక్క వేలి నొక్కుడులో అయిపోతాయి.

చలి, ఎత్తు, కుక్కర్

కొండమీద ఈ విద్యకు కొత్త పరీక్షలు ఎదురవుతాయి. నేపాల్‌లో ఎవరెస్టు దారిలోని లుక్లా 2,860 మీటర్ల ఎత్తున ఉంది, నామ్చే బజార్ 3,440 మీటర్ల ఎత్తున. సిమెంటు గట్టిపడే వేగం వేడినిబట్టి మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ పల్లెల్లో క్యాంపు పెడితే పలకమీదే బిగుసుకుపోతుంది, గాజు పలకను చల్లబరిచి కలపాలి. హిమాలయ చలిలో అదే సిమెంటు ఎంతకీ బిగుసుకోదు, ద్రవం చిక్కబడి చుక్క సరిగా రాలదు. సీసాను కోటు లోపలి జేబులో ఒంటి వేడికి పెట్టుకోవడం, వేలిని ఇంకాస్త ఎక్కువసేపు నొక్కి ఉంచడం అక్కడి ఉపాయాలు. పుస్తకంలో సెకన్లు రాసి ఉంటాయి. వాటిని ఎప్పుడు పొడిగించాలో, ఎప్పుడు కుదించాలో పలకమీది మెరుపును చూసి చేయి నిర్ణయిస్తుంది.

పరికరాల శుద్ధి మరో పరీక్ష. ఆటోక్లేవ్ లేనిచోట ఏఆర్‌టీ శిక్షణలో సూచించేది మన వంటింటి ప్రెషర్ కుక్కర్‌నే. అయితే నామ్చే ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే. అక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు 89 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మరిగిన నీళ్లలో వేశాం కదా అనుకుంటే పొరపాటు. కుక్కర్‌లోనూ కింద 121 డిగ్రీలకు చేరేది, అక్కడ సుమారు 115 దగ్గర ఆగుతుంది. అందుకే స్టవ్ మీద ఎక్కువసేపు ఉంచాలి, అందుకు సరిపడా ఇంధనం మోయాలి. క్యాంపులో రోజుకు ఎంతమందిని చూడగలరో చాలాసార్లు తేల్చేది ఎన్ని సెట్ల పరికరాలు ఉడికి సిద్ధంగా ఉన్నాయన్నదే.

చేసే మనిషి ఒళ్లు కూడా పరికరమే. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలని పర్వత వైద్యులు చెబుతారు. ఆయాసపడుతున్న మనిషి చేతిలో చెంచా నిలకడగా ఉండదు. ఈ తయారీ మన చేరువలోనే మొదలుపెట్టవచ్చు. భువనగిరి కోట ఉన్న ఏకశిలా గుట్ట మీద శిక్షణ మొదలుపెట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లయినా నిండకుండా, ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. ఎల్బీనగర్ నుంచి ఉప్పల్ మీదుగా ఉదయం బయల్దేరితే ఆ గుట్ట ఎక్కి మధ్యాహ్నానికి ఇల్లు చేరవచ్చు. సంచి బరువుతో మెట్లెక్కే అలవాటు, ఆగాల్సినచోట ఆగే అలవాటు అక్కడే పడతాయి.

నామ్చేలో మిగిలిన చేయి

నామ్చే ఉన్న ఖుంబు లోయలో 1966లో ఎడ్మండ్ హిల్లరీ ఖుందే ఆసుపత్రిని నెలకొల్పాడు. ట్రెక్కర్లు పెరిగినకొద్దీ ఆ దారి వెంట డబ్బు వచ్చింది, దాంతో పాటు చాక్లెట్లు, బిస్కెట్లు, తియ్యటి టీ వచ్చాయి. దారిలో కనిపించిన పిల్లలకు ప్రేమగా మిఠాయిలు పంచడం యాత్రికులకు అలవాటైంది. పళ్లు పుచ్చడం మొదలైంది. 1990ల తొలినాళ్లలో అమెరికన్ హిమాలయన్ ఫౌండేషన్ తోడ్పాటుతో నామ్చేలో పళ్ల క్లినిక్ వెలిసింది. దాన్ని నడిపింది అక్కడి షెర్పా మహిళ నవాంగ్ డోకా. ఆమెను కెనడాకు పంపి దంత చికిత్సలో శిక్షణ ఇప్పించారు. వచ్చిపోయే వాలంటీర్లు ఆమెకు తోడుగా పనిచేశారు.

వాలంటీరు సేవ గురించి మాట్లాడేటప్పుడు ఈ క్లినిక్‌నే నేను ముందు తలుచుకుంటాను. డెన్వర్ కేంద్రంగా 2001లో మొదలైన గ్లోబల్ డెంటల్ రిలీఫ్ లాంటి సంస్థలు నేపాల్, లద్దాఖ్‌లలో క్యాంపులు పెట్టి, సొంత ఖర్చుతో వచ్చే వాలంటీర్లతో వేలమంది పిల్లలకు వైద్యం చేయిస్తున్నాయి. సేవ ముగిశాక ట్రెక్కింగ్‌కు వెళ్లే ఏర్పాటు కూడా ఉంటుంది. ఆ సేవకు విలువ ఉంది. అయితే రెండు వారాల చేయి ఎంత నేర్పున్నదైనా రెండు వారాలదే. పిల్లకు కొత్త పన్ను వస్తుంది, కొత్త పుచ్చు వస్తుంది, పాత సిమెంటు అరుగుతుంది. వీటిని చూసుకోవడానికి ఊళ్లోనే ఉండే చేయి కావాలి. డ్రిల్లూ కంప్రెసరూ అక్కర్లేదు కాబట్టి ఏఆర్‌టీని అక్కడి ఆరోగ్య కార్యకర్తలకు నేర్పవచ్చు, నేర్చుకున్నవాళ్లు ఆ పనిని కొనసాగించవచ్చు. వాలంటీరు పెట్టే సిమెంటు కన్నా, నేర్పి వచ్చే పద్ధతి ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఈ పద్ధతి హద్దులు కూడా చెప్పాలి. పంటి ఒక వైపే పుచ్చితే ఫలితం బాగుంటుంది. పరిశోధనలన్నీ కలిపి 2018లో వేసిన లెక్క ప్రకారం, పాలపళ్లలో ఒక వైపు పెట్టినవి రెండేళ్లకు నూటికి 94 నిలిచాయి, శాశ్వత దంతాల్లో అలాంటివి మూడేళ్లకు నూటికి 87. రెండు మూడు వైపులు పోయిన పాలపళ్లలో మాత్రం రెండేళ్లకు నిలిచినవి నూటికి 65. చీము పట్టినా, వాపు వచ్చినా, నరం బయటపడినా ఏఆర్‌టీ పనికిరాదు. అప్పుడు పీకడమే న్యాయం. ఏ పన్ను ఈ హద్దుల లోపల ఉందో, ఏది దాటిందో అద్దంలో చూసి తేల్చుకోవడం ఈ చేతిపనికి ముందు నడవాల్సిన బుద్ధి.

సాగర్ రోడ్డు మీదుగా

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి ఒక దారి విజయవాడకు, ఒక దారి ఉప్పల్‌కు, ఇంకోటి నాగార్జునసాగర్‌కు పోతాయి. సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం, మాల్ దాటి మర్రిగూడ వైపు తిరిగితే ఫ్లోరైడ్ తెచ్చిన వేదన అర్థమవుతుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ఆ నీళ్లు తాగి పెరిగిన తరాల్లో పళ్లమీద గోధుమరంగు చారలు పడ్డాయి, చాలామంది ఎముకలు వంగిపోయాయి. ఈ జబ్బును మన దేశంలో మొదట గుర్తించిందీ తెలుగు నేలమీదే. 1937లో నెల్లూరు జిల్లా పల్లెల గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి రాసిన వ్యాసం దానికి తొలి సాక్ష్యం. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందిస్తే, దానికి నల్లగొండ టెక్నిక్ అన్న పేరే స్థిరపడింది.

ఇదే ఫ్లోరైడ్ కొండమీద మందు. గ్లాస్ అయనోమర్ సిమెంటు పంటికి ఫ్లోరైడ్‌ను కొద్దికొద్దిగా వదులుతుంది. జపాన్‌లో అర్ధ శతాబ్దానికి పైగా వాడుకలో ఉన్న సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్‌ను చిన్న బ్రష్‌తో ఒక నిమిషం పూస్తే పుచ్చు నల్లబడి ఆగిపోతుంది. 38 శాతం ద్రావణంలో ఫ్లోరైడ్ పదిలక్షల పాళ్లలో 44,800 దాకా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అత్యవసర మందుల జాబితాలో ఇదీ చేరింది. నల్లబడుతుందని తల్లిదండ్రులకు ముందే చెప్పి, వాళ్లు ఒప్పుకున్నాకే పూయాలి. పూయాల్సింది చుక్క, తగలాల్సింది పుచ్చుకు మాత్రమే. ఎక్కువైన ఫ్లోరైడ్ ఏం చేస్తుందో నల్లగొండ పల్లెల్లో కళ్లారా చూసిన విద్యార్థికి ఆ చుక్క విలువ వేరే చెప్పనక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో చదివి ఈ దారుల్లో క్యాంపులు చేసిన చేతికి కొలత పట్ల సహజంగా భయభక్తులు ఉంటాయి. హిమాలయాలకు మోసుకెళ్లదగిన చదువు అది.

క్యాంపుల్లో మన పెద్దవాళ్లు తరచూ అనే మాట ఒకటి ఉంది. పీకెయ్యి సారూ, పీడ పోతది అని. పీకడం సులువు, రెండు నిమిషాల పని. ఇరవై నిమిషాలు బెంచీ పక్కన కూర్చుని, ఆ పన్ను నిలుస్తుందని నచ్చజెప్పి, చెంచాతో శుభ్రం చేసి పూడ్చడం కష్టం. మర్రిగూడ బడిలో ఆ కష్టానికి ఓర్చుకున్నవాళ్లే నామ్చే బడిలో ఓర్చుకోగలరు.

వెళ్లాలనుకునే కుర్ర డాక్టర్లకు నా మనవి సూటిగా చెబుతాను. బీడీఎస్ ఇంటర్న్‌షిప్‌లో గ్రామసేవకు కేటాయించిన నెలలను హాజరు కోసం గడపకండి. ఆ నెలల్లో పీకి పారేసిన పళ్ల మీద పనిముట్లు పట్టి, చెంచాకు తగిలే ఎదురును వేళ్లకు నేర్పండి. గోటిమీద పదును చూసుకోవడం, సానరాయి పట్టడం అలవాటు చేసుకోండి. నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు గానీ అక్కడ వైద్యం చేయాలంటే నేపాల్ మెడికల్ కౌన్సిల్ దగ్గర తాత్కాలిక నమోదు కావాలి. అది లేకుండా నోట్లో చేయి పెట్టకండి. అక్కడ ఏడాది పొడవునా ఉండే ఆరోగ్య కార్యకర్త లేని క్యాంపును ఎంచుకోకండి. ఏ పిల్లకు ఏ పంటికి ఏం చేశారో ఆ ఊరి భాషలో రాసిన పుస్తకం ఆ ఊళ్లోనే వదిలి రండి. మిఠాయిలకు బదులు బ్రష్షులు, పేస్టు తీసుకెళ్లండి. ట్రెక్కింగ్ ఆనందం దాచుకోవాల్సిందేమీ కాదు, కొండలు చూడాలన్న కోరిక మంచిదే. పని ముందు, నడక తర్వాత అన్న వరస తప్పకపోతే చాలు.

ప్రపంచంలో మూడువందల యాభై కోట్లమంది నోటి జబ్బులతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చెబుతోంది. వాళ్లందరి దగ్గరకూ కుర్చీ, కంప్రెసరు, కరెంటు చేరేదాకా పళ్లు ఆగవు. చేతి పరికరాలతో, పంటికి అతుక్కునే సిమెంటుతో, ఎక్కడ ఆగాలో తెలిసిన వేళ్లతో ఇప్పుడే చేయగల పని ఇది. పేదవాళ్లకు సరిపెట్టే తక్కువరకం వైద్యంగా దీన్ని చూడటం అన్యాయం. మంచి పన్నును ముట్టుకోకుండా చెడును మాత్రమే తీసే ఈ పద్ధతి దిల్‌సుఖ్‌నగర్ క్లినిక్ కుర్చీలోనూ అంతే శ్రేష్ఠమైనది. డ్రిల్లు శబ్దానికి భయపడే మన పిల్లలకూ అది అందాలి. కొండలకు వెళ్లివచ్చిన డాక్టర్లు ఆ చెంచాలను అటకెక్కించకుండా ఎల్బీనగర్ క్లినిక్ బల్లమీదే పెట్టుకుని వాడితే, వాళ్ల ప్రయాణం ఇక్కడి రోగికీ పనికొచ్చినట్టే.